ముప్పై సంతకాలు

మడతలమ్మకు ముప్పై కర్టెన్లు అప్పజెబితే ముప్పయ్యీ ఒకేసారి కుట్టేది. ముందు అన్నింటికీ కింది అంచు మడిచి ఇస్త్రీ చేసుకునేది. తర్వాత అన్నింటికీ కుట్టు. ఆ తర్వాత గుడ్డ నిటారుగా వేలాడడానికి అంచు లోపల సన్నని సీసం గొలుసు దూర్చడం, చివరికి పైన కుచ్చుల పట్టీ. ఒక్కో కర్టెన్ మొదటి నుంచి చివరిదాకా కుట్టి పక్కన పెట్టేవాళ్ళను చూస్తే ఆమెకు ఒళ్ళుమంట. ఆమె పనిచేసే కర్టెన్ల షాపు వెనక గదిలో ఇస్త్రీ బల్ల దగ్గర పనిచేసే తెలుగావిడే ఆమెకు మడతలమ్మ అని పేరు పెట్టింది. అది అక్కడే స్థిరపడిపోయింది.

ఈ పద్ధతి గుడ్డకు బాగానే పనికొచ్చింది. కాయితాల దగ్గరికి వచ్చేసరికి కొంప ముంచింది.

ఆమె, భర్త, ఒక్కగానొక్క కూతురు ఈ ఊరికి వచ్చి నాలుగేళ్ళు. భర్త ఇంటింటికీ సామాన్లు చేరవేసే వ్యాను నడుపుతాడు. పొద్దున్న వెళ్తే సాయంత్రానికి గాని ఇంటి మొహం చూడడు. వచ్చిన ఆరు నెలల్లోనే పిల్లకు ఊరి భాష పట్టుబడింది. తండ్రికి దారులు అడిగేంత వచ్చింది. తల్లికి మాత్రం నాలుగేళ్ళయినా "సరే", "ఎంత", "రేపు" అనే మూడు మాటలు దాటలేదు. కుట్టుమిషను ముందు కూర్చునే మనిషికి అంతకన్నా అవసరం ఏముంటుంది అనుకుంది. అవసరం వచ్చినచోటల్లా కూతురు ఉండనే ఉంది.

ఆ కూతురికి పదేళ్ళు. ఇంట్లో దాని ముద్దుపేరు ఆరిందా. చిన్నప్పటి నుంచీ పెద్దవాళ్ళలా నడుం మీద చేతులు పెట్టుకుని మాట్లాడేది కాబట్టి తండ్రి అలా పిలిచాడు. ఈ ఊరికి వచ్చాక అది వేళాకోళం కాకుండా పోయింది. కరెంటు ఆఫీసులో, కళ్ళ డాక్టరు దగ్గర, ఇల్లు అద్దెకిచ్చినవాళ్ళ ఆఫీసులో, అన్నిచోట్లా తల్లికి నోరు అదే. కిటికీ అందకపోతే మునివేళ్ళ మీద నిలబడి మరీ మాట్లాడేది. అవతలివాళ్ళు ఏదో అడిగితే తల్లి వైపు తిరిగి, "అమ్మా, నువ్వు ఊరికే తలూపు, నేను చూసుకుంటా" అనేది. తల్లి తలూపేది.

ఈ ఏర్పాటు వెనక ఒక సంగతి ఉంది. పిల్లకు ఏడేళ్ళప్పుడు ఒకసారి మడతలమ్మ ఒంటరిగా కరెంటు ఆఫీసుకు వెళ్ళింది. కిటికీ వెనక మనిషి అడిగినదే అడిగాడు. ఈమె "సరే" అన్నది. అతను గొంతు పెంచాడు. ఈమె "రేపు" అన్నది. వెనక వరుసలో ఎవరో నవ్వారు. ఇంటికొచ్చి, సంచి కుర్చీలో పడేసి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. పిల్ల బడి నుంచి వచ్చి తలుపు దగ్గరే నిలబడి చూసింది. ఆ తర్వాత ఎప్పుడు ఏ ఆఫీసు నుంచి కబురొచ్చినా, అది సెలవు దినమా బడి దినమా అని చూడకుండా చెప్పులేసుకుని ముందు గుమ్మంలో నిలబడేది ఆ పిల్లే.

బడి మానితే సెలవు చీటీ ఇవ్వాలి. చీటీ పిల్లే రాసేది, తల్లి కింద తెలుగులో గుండ్రంగా సంతకం పెట్టేది. షాపుకు ఆలస్యమయ్యే పొద్దుల్లో ఇది చిరాకుగా ఉండేది. ఆ ఏడు బడి తెరిచిన కొత్తలో ఒక ఆదివారం మడతలమ్మ ముప్పై తెల్లకాయితాలు ముందేసుకుని, వరసగా అన్నింటికీ అడుగున సంతకం పెట్టి పడేసింది. "ఇంక నన్ను అడక్కు. కావలసినప్పుడు పైన రాసుకో" అంది. ఆ మధ్యాహ్నం ఒక పెద్ద పని ఒక్క దెబ్బకు కానిచ్చేశానని ఆమెకు బోలెడు తృప్తి కూడా కలిగింది.

ఏడాది తిరగవచ్చింది. భాష నేర్చుకోమనే ఇస్త్రీ ఆవిడ పోరు పడలేక మడతలమ్మ ఒక శనివారం ఆవిడ చెప్పిన సంస్థకు వెళ్ళింది. వేరే చోట్ల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాల కోసం నడుస్తున్న సంస్థ అది. టైర్ల షాపు మీద రెండు గదులు, మధ్యలో సగం దాకా గోడ, పై సగం అద్దం. ఒక గదిలో తల్లులకూ తండ్రులకూ భాష నేర్పుతారు. రెండో గదిలో పిల్లలకు పాఠాలూ, ఆటలూ. నడిపే ఆవిడ పూర్వం నర్సు. నర్సుల్లో ఉండే మొండితనం రిటైరయ్యాక కూడా ఆవిడను వదల్లేదు.

ఆరిందా అలవాటు ప్రకారం ముందు నడిచింది. బల్ల మీద ఫారం తీసుకుంది, పెన్ను తీసుకుంది, తల్లి పేరు రాయడం మొదలుపెట్టింది. నర్సమ్మ నెమ్మదిగా దాని చేతిలోంచి పెన్ను తీసి తల్లి చేతిలో పెట్టింది. పక్కన కూర్చున్న పెద్దావిడ తెలుగులో చెప్పింది.

"ఈ గుమ్మం లోపల పిల్లలు పెద్దవాళ్ళ తరఫున మాట్లాడకూడదమ్మా. అదిక్కడి రూలు. మాట్లాడ్డానికి నేనున్నాగా. నువ్వెళ్ళి ఆ గదిలో ఆడుకో."

ఆ పెద్దావిడ పోస్టాఫీసులో పనిచేసి మానేసిన మనిషి, ఈ ఊళ్ళో ముప్పై ఏళ్ళుగా ఉంది. శనివారాలు ఇక్కడ దుబాసీ పని ఊరికే చేసిపెడుతుంది. ఆఫీసులకూ ఆస్పత్రులకూ కూడా తోడు వెళ్తుంది. అందరూ ఆవిడను దుబాసక్క అంటారు.

ఆరిందా మొహం కందగడ్డయింది. "మా అమ్మకి నేను చెప్తేనే అర్థమవుతుంది" అంది. మడతలమ్మకూ తలకొట్టేసినట్టయింది. తన బిడ్డ చేతిలోంచి పెన్ను లాక్కోవడానికి వీళ్ళెవరు? లేచి వెళ్ళిపోదామనే అనుకుంది. కానీ ఫారానికి బడి వాళ్ళు పంపిన కాయితం ఏదైనా జతచేయాలని ముందే చెప్పారు. అందుకని ఇంట్లోని బిస్కెట్ల డబ్బాను డబ్బా పళంగా వెంట తెచ్చుకుంది, అది అప్పటికే దుబాసక్క ముందుంది. బడి నుంచి వచ్చిన ఉత్తరాలన్నీ అందులోనే వేస్తుంది. ప్రతి ఉత్తరాన్నీ పిల్ల చదివి చెప్పాకే. "బాగా చదువుతున్నానట." "ఈసారీ బాగానే చదువుతున్నానట." ఇంతమంచి పిల్ల గురించి ఇన్ని ఉత్తరాలు రాస్తున్నారంటే బడి వాళ్ళు ఎంత శ్రద్ధగలవాళ్ళో అని భర్తతో చెప్పి మురిసిపోయింది కూడా.

దుబాసక్క కళ్ళజోడు పెట్టుకుని పై ఉత్తరం చదివింది. తర్వాతది చదివింది. మూడోది చదవకుండా చేత్తో పట్టుకుని, అద్దంలోంచి పిల్ల ఉన్న గది వైపు చూసింది.

"అమ్మాయ్, ఇవి నీకు ఎవరు చదివి పెట్టారు?"

"మా అమ్మాయే అక్కా."

"మీ అమ్మాయి ఈ ఏడు ఇరవై మూడు రోజులు బడి మానిందట. ఇలా అయితే ఐదో తరగతి మళ్ళీ చదివిస్తామంటున్నారు. నిన్ను వచ్చి కలవమని మూడుసార్లు రాశారు."

మడతలమ్మ అద్దం వైపు తిరిగింది. అద్దం అవతల ఆరిందా ఆటలు మాని, గోడకు చెవి ఆనించి నిలబడి ఉంది.

బడికి వెళ్ళిన రోజున దుబాసక్క వెంట వెళ్ళింది. పిల్లను బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. తల్లి ఒక గదిలో మాట్లాడుతుంటే తాను బయట ఉండడం దానికి అదే మొదటిసారి. కాళ్ళు ఊపుకుంటూ తలుపు వైపే చూస్తూ కూర్చుంది.

హెడ్మిస్ట్రెస్ ఒక ఫైలు తెరిచి, సెలవు చీటీలన్నీ బల్ల మీద పరిచింది. ఇరవై మూడు. ఒక దాంట్లో జ్వరం, ఒక దాంట్లో కడుపునొప్పి, ఒక దాంట్లో కాలు బెణికింది. మూడుసార్లు పంటినొప్పి. పిల్లకు ఏదో పెద్ద జబ్బు ఉందనీ, ఇంట్లోవాళ్ళు దాస్తున్నారనీ బడి వాళ్ళు అనుకుంటున్నారట. అన్నింటి కింద ఒకటే సంతకం. గుండ్రంగా, ఒకే పోలికలో, తొందరగా.

మడతలమ్మ ఆ సంతకాలను చూస్తూ ఉండిపోయింది. పిల్ల తనతో వచ్చిందన్న సంగతి ఆమెకు తెలియనిది కాదు. కాకపోతే ప్రతిసారీ అది "ఒక్కపూట". చీటీ ఇస్తే సెలవు సరిపోయినట్టే అనుకుంది. ఒక్కపూటలన్నీ ఒకచోట పరిస్తే ఒక బల్ల నిండుతుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

"అక్కా, తేదీలు చదువు" అంది.

దుబాసక్క చదివింది. మడతలమ్మ వేళ్ళు మడుస్తూ చెప్పుకుపోయింది. "ఇది కళ్ళ డాక్టరు. ఇది మీటరు మార్చిన రోజు. ఇది ఇల్లుగలవాళ్ళ ఆఫీసు. ఇది మళ్ళీ కళ్ళ డాక్టరు, చుక్కలు వేశారు. ఇది ఆయన లైసెన్సు." ఇరవై మూడింటిలో రెండు మాత్రం ఆమెకు గుర్తు రాలేదు. అవి బహుశా నిజంగానే పంటినొప్పులు. చివర్లో ఆమె హెడ్మిస్ట్రెస్ మొహంలోకి చూసి తెలుగులోనే చెప్పింది. "ఈ జ్వరాలన్నీ నావండీ. పిల్లవి కావు." దుబాసక్క ఆ మాటను ఉన్నది ఉన్నట్టు అటు చేర్చింది.

హెడ్మిస్ట్రెస్ చాలాసేపు మాట్లాడింది. సారాంశం ఇది. పరీక్షలకు ఇంకా తొమ్మిది వారాలుంది. ఈ తొమ్మిది వారాల్లో డాక్టరు చీటీ లేకుండా ఒక్క రోజు మానినా పిల్ల ఐదులోనే ఉంటుంది. మానకుండా వస్తే, శనివారాలు సంస్థలో వెనకబడ్డ పాఠాలు చదివితే, ఆరుకు పంపిస్తారు. ఒక్క రోజు అనే మాటను ఆవిడ రెండుసార్లు అంది.

ఇంటికొచ్చాక మడతలమ్మ కేకలు వెయ్యలేదు. చెయ్యి చాచి, "మిగిలిన కాయితాలు ఇలా తే" అంది. పిల్ల తెచ్చింది. లెక్కపెడితే ఆరున్నాయి.

"ముప్పైలో ఇరవై మూడు పోతే ఏడుండాలి."

"ఒకదాని మీద నీళ్ళు పడ్డాయి. పారేశా."

ఏ బట్టల కట్టలోనైనా ఒక ముక్క పాడవడం మామూలే. షాపు అనుభవం అలా చెప్పింది, నమ్మింది. ఆరింటినీ చింపేసింది.

"మరి నేను రాకపోతే వాళ్ళు అరుస్తారుగా" అంది పిల్ల. "నీకు మాట్లాడ్డం రాదుగా."

"నేర్చుకుంటా."

"ఎప్పుడు?"

మడతలమ్మ లేచి బట్టలు తీయడానికి బాల్కనీలోకి వెళ్ళింది.

శనివారాలు మొదలయ్యాయి. ముందు నేర్పింది తేదీలూ, వారాలూ, గడియారం. తర్వాత ప్రతి తల్లి చేతా ఒక అట్టముక్క మీద నాలుగు వాక్యాలు రాయించారు. నేను ఒక్కదాన్నే వచ్చాను. నెమ్మదిగా చెప్పండి. కాయితం మీద రాసివ్వండి. ఇంటికెళ్ళి చదువుకుని వచ్చి జవాబు చెప్తాను. ఈ నాలుగింటితో లోకం మీదికి వెళ్ళవచ్చని నర్సమ్మ నమ్మకం. మడతలమ్మకు అంత నమ్మకం కుదరలేదు గాని, మిషను తొక్కుతూ వాటిని గొణుక్కునేది. ఇస్త్రీ ఆవిడ, "నీ మంత్రాలకి నా ఇస్త్రీ పెట్టె చల్లారిపోతోందే తల్లీ" అని ఆటపట్టించేది.

అవతలి గదిలో ఆరిందాతో పెద్ద తంటా వచ్చింది. దానికి ఆడుకోవడం రాదు. తోటి పిల్లల్ని వరసలో నిలబెట్టి పేర్లు రాసుకునేది. అద్దంలోంచి తల్లి పాఠం చూస్తూ, వింటూ ఉండి, ఆమె తడుముకుంటే గోడ అవతలి నుంచి జవాబు అరిచేది. నర్సమ్మ అద్దానికి ఒక గుడ్డ కట్టించాలనుకుంది. ఇంకెవరు, మడతలమ్మే కొలిచి కుట్టి తగిలించింది.

చివరి అరగంట మాత్రం తల్లీబిడ్డలు ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి. ఆ అరగంటలో తల్లికి తెలిసిన పనే బిడ్డ నేర్చుకోవాలి. ఒక తండ్రి సైకిలు పంక్చరు వేయడం నేర్పాడు. మడతలమ్మ అంచు కుట్టడం నేర్పింది. నాలుగేళ్ళుగా తల్లి తప్పులు దిద్దడానికి అలవాటుపడిన ఆరిందా వేసిన కుట్టు పాము పాకినట్టు పోయింది. "విప్పు" అంది తల్లి. విప్పింది. మళ్ళీ వంకరే. "విప్పు." పిల్లకు ఏడుపొచ్చినంత పనైంది. తల్లికి మాత్రం లోపల ఎక్కడో హాయిగా అనిపించింది. అలా అనిపించినందుకు కొంచెం సిగ్గూ పడింది.

ఆరు వారాలు ఒక్క రోజు పోకుండా గడిచాయి. ఆరో వారానికి ఆరిందా తాడాట నేర్చుకుంది.

ఏడో వారం, మంగళవారం సాయంత్రం. పిల్ల కింద పెరట్లో ఉంది. టిఫిను డబ్బా కడుగుదామని మడతలమ్మ దాని బడి సంచిలో చెయ్యి పెట్టింది. డబ్బా కింద, లెక్కల పుస్తకంలో, రెండు కాయితాలు మడిచి ఉన్నాయి. ఒకటి అచ్చు ఉత్తరం, పైన తన పేరు. నివాస అనుమతి ఆఫీసు ముద్ర ఆమెకు ఎక్కడ చూసినా గుర్తే. రెండోది చేత్తో రాసిన చీటీ. కింద గుండ్రంగా తన సంతకం. ఏడో కాయితం.

చీటీలో ఏం రాసిందో ఆమెకు అర్థం కాలేదు. ఉత్తరంలో సగం అర్థం కాలేదు. కానీ తేదీలు చదవడం వచ్చు. రెండింటి మీదా ఒకే తేదీ ఉంది. రేపు, బుధవారం. ఉత్తరంలో పక్కనే పదిన్నర అని కూడా ఉంది.

మడతలమ్మ వంటింటి గట్టు మీద చెయ్యి వేసి నిలబడింది. ఒక్క రోజుతో ఏడాది పోతుందని దానికి తెలుసు. తెలిసే, తల్లిని కిటికీ ముందు ఒంటరిగా నిలబెట్టడం ఇష్టంలేక ఏడాదిని వదులుకోవడానికి సిద్ధపడింది. మూడేళ్ళ కిందట కొంగులో ఏడ్చిన ఏడుపు ఈ పిల్ల కళ్ళలో ఇంకా అలాగే ఉందన్నమాట. ఇంత ప్రేమ ఉన్న బిడ్డను కొట్టాలో దగ్గరికి తీసుకోవాలో ఏ తల్లికీ తెలియదు. ఆమె టిఫిను డబ్బా కడిగింది. తర్వాత దుబాసక్కకు ఫోను చేసింది.

"అయ్యో, రేపు పొద్దున్న ఆస్పత్రిలో ఒకావిడకి ఆపరేషనే అమ్మాయ్, నేను మాటిచ్చా" అంది దుబాసక్క. "రెండ్రోజులు ముందు చెప్తే ఎవరినైనా పంపేవాళ్ళం. నీ అట్టముక్క ఉందా?"

"ఉంది."

"అయితే వెళ్ళు. మహా అయితే మళ్ళీ రమ్మంటారు. అంతకన్నా ఏం చేస్తారు?"

భర్త వచ్చాక సంగతి చెప్పింది. "పోనీ నేను మానేసి రానా?" అన్నాడు. "మీకు వచ్చిన నాలుగు ముక్కలు నాకూ వచ్చులెండి" అంది. ఆయన నవ్వేశాడు.

బుధవారం పొద్దున్న ఆరిందా సంచి సర్దుకుంటూ లెక్కల పుస్తకం తెరిచి, మూసి, మళ్ళీ తెరిచింది. తల్లి వైపు చూసింది. మడతలమ్మ ఆ ఉత్తరాన్ని చేతిసంచిలో పెట్టుకుంటూ కనిపించింది.

"అమ్మా, వాళ్ళు గబగబా మాట్లాడతారు."

"మాట్లాడనీ."

"నువ్వు సరే అనేస్తావు."

"అనను. నడు, గంట కొట్టేస్తారు."

బడి గేటు దాకా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. లోపలికి పోయిందాకా, పోయి తరగతి గదిలో కూర్చుని ఉంటుందనుకున్నదాకా అక్కడే నిలబడింది.

ఆఫీసులో ఘనకార్యమేమీ జరగలేదు. ముప్పావు గంట వేరే వరుసలో నిలబడి, అది కాదని తెలిసి ఇంకో వరుసలోకి మారింది. కిటికీ వెనక మనిషి తల ఎత్తకుండా గడగడా ఏదో అన్నాడు. "సరే" అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. మొదటి వాక్యం చెప్పింది. రెండోది చెప్పింది. అతను విసుక్కున్నాడు. ఈసారి భాష తెలిసినవాళ్ళను తెచ్చుకో అన్నాడు. అది మాత్రం చక్కగా అర్థమైంది, చెంప మీద కొట్టినట్టు అర్థమైంది. వెనక వరుసలో ఎవరైనా నవ్వారేమో, ఆమె తిరిగి చూడలేదు. మూడో వాక్యం చెప్పింది. అతను ఒక కాయితం లాక్కుని బరబరా రాశాడు. భర్త పని చేసేచోటి నుంచి ఒక పత్రం తక్కువైంది, సోమవారం తీసుకురావాలి. సోమవారం అనే మాట ఆమె అక్కడే చదివేసుకుంది. నాలుగో వాక్యం చెప్పి బయటకు వచ్చి, మెట్ల మీద కాసేపు కూర్చుంది. మిగతా మాటలు ఒక్కొక్కటే కూడబలుక్కుని చదువుకుంది.

తర్వాతి సంగతి ముందే చెప్పేస్తే, సోమవారం దుబాసక్క వెంట వెళ్ళింది, పని అయింది. పిల్ల ఆరో తరగతికి వెళ్ళింది, ఏదో తరగతికే మొదటిదిగా కాదు, గట్టెక్కి. ఇవన్నీ జరిగాయి. కానీ మడతలమ్మ ఇస్త్రీ ఆవిడకు పదేపదే చెప్పుకునేది ఆ బుధవారం సాయంత్రం సంగతే.

బడి వదిలేసరికి ఆమె గేటు దగ్గర ఉంది. ఆరిందా అందరికన్నా ముందు పరిగెత్తుకొచ్చింది. జడ ఊడిపోయి ఉంది. ముందు తల్లి కళ్ళలోకి చూసింది, ఎర్రగా ఉన్నాయేమోనని.

"ఏమన్నారు?"

నాలుగేళ్ళలో ఆ ప్రశ్న ఎప్పుడూ తల్లే అడిగేది, పిల్ల చెప్పేది. ఎంత చెప్పాలనిపిస్తే అంత చెప్పేది.

"సోమవారం రమ్మన్నారు. నాన్న పనిచేసేచోట ఒక కాయితం తేవాలట."

"అరిచారా?"

మడతలమ్మ పిల్ల భుజం మీది సంచి తీసి తన భుజానికి వేసుకుంది.

"ఇంకా ఏమన్నారమ్మా? మొత్తం చెప్పు."

"పెద్దవాళ్ళ మాటలు నీకెందుకే" అంది మడతలమ్మ.

ఆరిందా నోరు తెరుచుకుని అక్కడే ఆగిపోయింది. ఏ ఇంట్లోనైనా పిల్లలు రోజుకు పదిసార్లు వినే మాటే అది. దానికి మాత్రం మొదటిసారి. కోపంగా రెండు చేతులూ నడుం మీద పెట్టుకుంది. తల్లి ఆగకుండా నడుస్తూనే ఉంది. కాసేపు అలాగే నిలబడి చూసి, ఎవరూ పట్టించుకోవడం లేదని తేలాక, పిల్ల చేతులు దించేసింది. తర్వాత ఒంటికాలి మీద గెంతుకుంటూ వచ్చి ఆమెను దాటి ముందుకు పోయింది.